భోజనాలయ్యాక సంతకం

ఆ ఉదయం ఉత్తరాన ఆకాశం అంచున ఒక గీత లేచింది. నల్లబడిన నీలం. దక్షిణాన మాత్రం నక్షత్రాలు ఇంకా ఆరలేదు. ఆకు కదలడం లేదు. నవంబరుకి తగని ఉక్క. గొడ్లు అప్పుడే కంచె మూలకి చేరి, ఉత్తరానికి తోకలు తిప్పుకుని నిలబడ్డాయి.

అల్బీనా వంటింటి గుమ్మంలో నిలబడి ఆ గీతను చూసింది. చలిగాలి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది అనుకుంది.

గుమ్మం పక్కన గోడకి మేకులు కొట్టిన చెక్క ఒకటి ఉంది. పోయిన పెనిమిటి యారో చేసింది. ఇంట్లో బండ్ల తాళంచెవులన్నీ దానికే వేలాడతాయి. ఏ మేకుకీ పేరు లేదు. ఎవరికి ఏ బండి కావాలో దాని చెవి తీసుకుపోవడమే, తెచ్చి తగిలించడమే. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది.

ఆదివారం గొడవైన తర్వాత చిన్నవాడు క్లెమెంట్ ఈ గుమ్మం తొక్కలేదు. కొట్టం పక్కన చక్రాల మీదున్న ఆ రేకు గదిలోనే ఉంటున్నాడు. డబ్బాల్లో బీన్సు తింటున్నాడు. కోడలి చేత రెండుసార్లు పళ్ళెం పంపితే, మీద కప్పిన గుడ్డ కూడా తియ్యకుండా తిప్పి పంపాడు.

అలాంటివాడు ఇవాళ తెల్లారకముందే వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు.

"అమ్మా."

"లోపలికి రా. కాఫీ ఉంది."

"బూట్లకి బురద."

"ఈ ఇంటికి బురద కొత్తా?"

వాడు నవ్వలేదు. "నా ట్రాక్టరుకి నూనె గొట్టం కారుతోంది. ఎమిల్ ముసలాయన చలిగాలి రాకముందే తన తోటలో పెకాన్ కాయలు దులిపెయ్యమని తొందర పెడుతున్నాడు. తోట ట్రాక్టరుకి నా చెట్టు కుదిపే యంత్రం తగిలించుకుని పోతా. మధ్యాహ్నానికి తెచ్చేస్తా."

తోట ట్రాక్టరు పెద్దవాడు రేమండ్ చూసుకునేది. ఆ సంగతి అల్బీనాకి గుర్తుకు రాకపోలేదు. కానీ వాడు వచ్చాడు. తన దగ్గరికి వచ్చి అడిగాడు. ఆమె చెయ్యి అప్పటికే మేకు మీదికి పోయింది.

చెవి వాడి అరచేతిలో పెట్టి, వెంటనే వదల్లేదు.

"మధ్యాహ్నం భోజనానికి వస్తావా?"

"వాడుంటాడా?"

"ఉంటాడు. వాడి ఇల్లూ ఇదే. నీ ఇల్లూ ఇదే."

"ఇవాళేగా ఆ వకీలు వచ్చేది?"

"వస్తే రానీ. నూడుల్స్ తరుగుతున్నాను. కోడి చారు చేస్తా."

క్లెమెంట్ బూటు ముక్కుతో మెట్టుని రెండుసార్లు తన్నాడు. "చూస్తా" అని పోయాడు.

చూస్తా అంటే వస్తాడు. వాళ్ళ నాన్నా అంతే. అల్బీనా పిండి మీద అప్పడాల కర్ర నడిపిస్తూ, ఆదివారం తర్వాత మొదటిసారి, గొంతులో ఏదో పాత పాట కూనిరాగం తీసింది.

*

కాఫీ వేళకి రేమండ్, అతని భార్య డార్లీన్ వచ్చారు. వాళ్ళిల్లు దారి అవతల. కాయలు పగలగొట్టి గింజ తీసే షెడ్డు డార్లీన్‌ది. ఆమె గోళ్ళ సందుల్లో ఆ గోధుమరంగు పొడి ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా పోదు.

రేమండ్ కుర్చీ లాగబోయి ఆగాడు.

"తోట ట్రాక్టరు చెవి ఏది?"

అల్బీనా నూడుల్స్ తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"కొట్టంలో ట్రాక్టరూ లేదు. వాడు తీసుకెళ్ళాడా?"

"ఎమిల్ వాళ్ళకి కాయలు దులపాలంట."

"అడిగాడా ఎవర్నైనా?"

ఆమె తలెత్తలేదు. ఆ మౌనానికి తనకి తోచిన అర్థమే చెప్పుకున్నాడు రేమండ్. టోపీ తీసి మోకాలి మీద కొట్టుకున్నాడు.

"చూశావా డార్లీన్? అడగడు. ఇవాళ పొద్దున, సరిగ్గా ఇవాళే. నెల్లాళ్ళుగా వకీలు పావెల్కా గారు నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నది దేని గురించి?"

"తమ్ముడు ట్రాక్టరు తీసుకెళ్తే దొంగతనం కింద లెక్కేంట్రా?" అంది అల్బీనా.

"దొంగతనం అన్నానా? తోటది తోటదే, వాడిది వాడిదే అన్నాను. కావాల్సొస్తే కిరాయి చీటీ రాసి తీసుకెళ్ళాలి."

"వాడు మా అమ్మ డీజిలుకి నేను చీటీ రాయాలా అన్నాడుగా ఆదివారం."

"అన్నాడు. ఇంకా అన్నాడు. పిచ్చికుక్కని గదిలో పెట్టి తలుపేస్తున్నారు అన్నాడు. పళ్ళెం నెట్టేసి పోయాడు. నువ్వు ఆ మాటకే కరిగిపోయావు."

"కుక్క మాట నిజంగానే గట్టిగా తగిలింది" అంది డార్లీన్ కాఫీ పోసుకుంటూ. "ఆస్తిని మూడు గదులుగా విడదీస్తే అందులో నాదీ ఒకటి. నేనేమీ మొరగలేదు."

"నువ్వు ఊరుకో."

"ఊరుకునే ఉన్నా. ఆదివారం నుంచి ఈ ఇంట్లో మాట్లాడేది నేనొక్కదాన్నే, అదీ కోళ్ళతో."

అల్బీనా పెదవి చివర నవ్వు కదిలింది. రేమండ్‌కి కదల్లేదు. గొంతు తగ్గించి, తల్లి ఎదురుగా చేతులు బల్ల మీద పరిచాడు.

"అమ్మా, నాకు వాడి మీద పగ లేదు. పరాయి తోటల్లో కుదుపుడు పనికి ఇక బీమా ఇవ్వం అని కంపెనీవాళ్ళు వసంతంలోనే చెప్పేశారు. అయినా వాడు మానడు. నువ్వూ మానమనవు. నాన్న పోయాక తోటా, షెడ్డూ, వాడి పనీ అన్నీ నీ ఒక్కదాని పేరు మీదే ఉన్నాయి. రేపు వాడి యంత్రం కింద ఎవడైనా పడితే వచ్చి పట్టుకునేది ఏటి పక్క తోటని. నాన్న పెంచిన చెట్లని. ఆలోచించు."

"ఆలోచించకుండానే నిద్ర మానేశానా?"

డార్లీన్ అత్తగారి చేతిలోంచి కత్తి తీసుకుని మిగతా నూడుల్స్ తరగడం మొదలుపెట్టింది.

*

వకీలు పావెల్కా పొడుగాటి మనిషి. గుమ్మం తగలకుండా తల వంచడం అలవాటై బయట కూడా వంగే నడుస్తాడు. వాళ్ళమ్మా అల్బీనా చర్చి వంటశాలలో ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడి పిండి పిసికినవాళ్ళు. అతనికి ఎదురుగా గసగసాలు నింపిన తీపి రొట్టెలు, కొలాచీలు, పెట్టింది అల్బీనా. అతను కాగితాలు పక్కన పెట్టి ముందు వాటి పని చూశాడు.

"ఇంకొకసారి చెప్పు నాయనా" అంది ఆమె. "మొన్న చెప్పినప్పుడు కొడుకులిద్దరూ అరుచుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క వినపడలేదు."

పావెల్కా వేళ్ళు తుడుచుకుని చుట్టూ చూశాడు. వంటగట్టు మీద గుడ్ల అట్టపెట్టె ఉంది. దాన్ని లాక్కుని మూత తీశాడు.

"ఇదీ మీ కంపెనీ. పెట్టె ఒకటే. రాజధాని ఆస్టిన్‌లో పేరు రాయించింది ఒకటే, కిందటి నెలే అయిపోయింది. లోపల గుంటలు వేరు. ఒకదాంట్లో తోట, ఒకదాంట్లో డార్లీన్ షెడ్డు, ఒకదాంట్లో క్లెమెంట్ కుదుపుడు పని. దీన్నే సిరీస్ కంపెనీ అంటారు. ఒక గుడ్డు పగిలితే ఆ సొన ఆ గుంటలోనే ఉంటుంది. పక్క గుడ్డుని తడపదు."

"గుడ్లు కోడి ఒక్కటే పెట్టిందిగా?"

"కోడి మీరే అల్బీనా గారూ. పెట్టె మీ చేతిలోనే. ఎవరూ మిమ్మల్ని బయటికి పంపడం లేదు."

"మరి వట్టి పెట్టె ఆస్టిన్‌లో ఉంటే, నా సంతకం దేనికి?"

"అదే చెప్పబోతున్నా. పెట్టె వచ్చింది గానీ గుడ్లు ఇంకా మీ ఒళ్ళోనే ఉన్నాయి. తోట నేల మీ పేరు నుంచి తోట గుంటలోకి పోవాలి. యంత్రం వాడి గుంటలోకి పోవాలి. ఇవాళ మీరు పెట్టే సంతకంతో అవి సర్దుకుంటాయి. అంతదాకా ఏది పగిలినా మీ ఒళ్ళోనే." అతను పెట్టె మూశాడు. "ఈ ఇంటి జోలికీ, దీని చుట్టూ నేల జోలికీ ఎవర్నీ రానివ్వదు మన రాష్ట్ర చట్టం. ఏటి పక్క తోట ఆ కొలతలో లేదు. నాకు భయమంతా తోట గురించే."

"సర్దాక అయిపోయినట్టేనా?"

"లేదు. ఆ తర్వాతే అసలు పని. ఎవరి బ్యాంకు ఖాతా వాళ్ళది. ఎవరి డీజిలు వాళ్ళది. ఎవరి ట్రాక్టరు వాళ్ళది. మీరే గుంటల మధ్య గోడకి కన్నం పెట్టి ఇటు వస్తువు అటు వాడితే, కోర్టు గోడే లేదంటుంది." అతని చూపు మేకుల చెక్క మీదికి పోయింది. "ఉదాహరణకి, అది."

రేమండ్ కూడా ఖాళీగా ఉన్న మేకు వైపు చూశాడు.

"ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళ మధ్య గోడలు" అంది అల్బీనా. ఎవరినీ చూడకుండా. "మీ నాన్న కాలంలో ఊరు ఊరంతా ఒకే దూడని పంచుకుని తినేది. ఎవరిది, ఏమిటి అని ఎవరూ అడగలేదు."

"అడగలేదా?" అన్నాడు రేమండ్ మెల్లగా. "పొగగదిలో కొక్కేలు చూసి చాలా రోజులయినట్టుంది అమ్మా."

ఆమె లేచింది. ఎలాగూ సాసేజీ తేవాలి.

*

మాంసాన్ని పొగబెట్టే ఆ పొగగది పెరట్లో ఉంది. కిటికీ లేదు. తలుపు తీస్తే ఓక్ కట్టె పొగ వాసన ఇన్నేళ్ళకీ మనిషి మీదికి వస్తుంది.

గోడ పొడవునా వరసగా కొక్కేలు. ఒక్కొక్క కొక్కెం పైన చెక్కకి ఒక రేకు బిళ్ళ, బిళ్ళ మీద మేకుతో పొడిచిన ఇంటిపేరు. యారో ఊరి మాంసం సంఘానికి కసాయి. శనివారం తెల్లారి ఒక ఇంటివాళ్ళు దూడని తోలుకొచ్చేవాళ్ళు. యారో కోసి, ముక్కలు చేసి, ఏ ఇంటి కొక్కేనికి ఈ వారం ఏ ముక్కో దానికి తగిలించేవాడు. ఈ వారం మెడ వచ్చిన ఇంటికి వచ్చే వారం తొడ. అలా వంతు తిరిగేసరికి ప్రతి ఇల్లూ ఒక దూడని మొత్తం తిన్నట్టు. ఫ్రిజ్‌లు వచ్చాక సంఘం పోయింది. కొక్కేలు ఉండిపోయాయి.

అల్బీనా వేళ్ళతో బిళ్ళలు తడిమింది. వ్రానా. ఎమిల్ వాళ్ళది. దాని పక్కనే తమది, మరెక్.

ఒక శనివారం గుర్తొచ్చింది. యారో సొంత తమ్ముడే ఇంటికి చుట్టాలొచ్చారని పరుగెత్తుకొచ్చాడు. వ్రానా వాళ్ళ కొక్కేనికి ఉన్న మంచి తొడ ముక్క చూసి, అది కాస్త ఇవ్వు, వాళ్ళకి తర్వాత సర్దుదాం అన్నాడు. యారో కత్తి తుడుస్తూ తలెత్తలేదు. అది వ్రానా వాళ్ళది అన్నాడు. తమ్ముడు తిట్టాడు. యారో తిట్లన్నీ విని, తమ కొక్కేనికి ఉన్న ముక్క తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ వారం ఈ ఇంట్లో బంగాళాదుంపలు తిన్నారు. తను కూడా సణిగింది, బాగా గుర్తుంది.

ఎమిల్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అల్బీనా చాలాసేపు అక్కడే నిలబడింది. అంతమంది అన్నేళ్ళు కొట్టుకోకుండా పంచుకుని తిన్నారంటే, పంచుకోవాలన్న మంచితనం ఒక్కటే దానికి కారణం అనుకుంటూ వచ్చింది తను. బిళ్ళలు ఎందుకున్నాయో అడగలేదు.

యారో తన కొక్కెంలోది తీసి తమ్ముడికి ఇచ్చాడు. పొద్దున తను ఇచ్చింది ఎవరి కొక్కెంలోది?

సాసేజీ దండ భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి ఉత్తరాన గీత ఆకాశంలో సగానికి ఎక్కింది.

*

"పెడతా" అంది లోపలికి వస్తూనే.

రేమండ్ కుర్చీలోంచి సగం లేచాడు. పావెల్కా సంచీలోంచి నోటరీ ముద్ర తీసి బల్ల మీద పెట్టి, కలం మూత విప్పాడు.

"భోజనాలయ్యాక" అంది అల్బీనా.

"అమ్మా!"

"చారు మరుగుతోంది. ఖాళీ కడుపుతో ఈ ఇంట్లో ఎవరూ సంతకం పెట్టలేదు. ఈ నేల అమ్మినాయన కూడా ముందు మీ నానమ్మ చేతి వంట తిన్నాకే పెట్టాడు."

"ఆయన ముప్పావు సీసా కూడా తాగాడని నాన్న చెప్పేవాడు."

"అది నిజమే. కానీ తిన్నాకే."

"అల్బీనా గారూ, ఇప్పుడైతే నాలుగు నిమిషాల పని" అన్నాడు పావెల్కా.

"నీకు కోర్టు ఉందా నాయనా ఇవాళ?"

"లేదు."

"మరైతే కూర్చో." ఆమె బాణలిలో సాసేజీ వేసింది. అది చిటపటలాడుతుంటే దాని మీంచి మాట్లాడింది. "వాడు వస్తానన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఈ బల్ల దగ్గర కూర్చోవాలి. వాడి కళ్ళెదురుగా పెడతా. వాడు లేనప్పుడు పెడితే, తలుపేసింది మా అన్న కాదు, మా అమ్మే అనుకుంటాడు బతికినంత కాలం. ఇన్నాళ్ళు ఆగిన సంతకం ఒక పూట ఆగితే ఏమవుతుంది?"

పావెల్కాకి చారు వాసన తగిలింది. కలానికి మూత పెట్టాడు.

డార్లీన్ పళ్ళేలు పరిచింది. క్లెమెంట్ చోటులో పళ్ళెం పెట్టేటప్పుడు మొగుడి వైపు చూసింది. రేమండ్ కిటికీ వైపు చూస్తున్నాడు.

*

ట్రాక్టరు చప్పుడు దారి మలుపు దగ్గరే వినిపించింది. మెల్లగా వస్తోంది. యంత్రం తగిలించిన ట్రాక్టరుని క్లెమెంట్ ఎప్పుడూ అంత మెల్లగా తోలడు.

"బుద్ధొచ్చింది, జాగ్రత్తగా తెస్తున్నాడు" అంది అల్బీనా.

వాడు పెరటి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. బూట్లు మెట్టు కింద విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. చెవిని మేకుకి తగిలించాడు. ఎవరినీ పలకరించకుండా తన కుర్చీలో కూర్చున్నాడు.

"నీ ట్రక్కేదిరా?" అంది డార్లీన్. "కొట్టం దగ్గర లేకపోతే, ట్రాక్టరు వెనకాల కట్టి లాక్కెళ్ళావనుకున్నా."

"హెడ్విగ్‌కి ఇచ్చాను."

"ఎమిల్ పెళ్ళానికా? ఆవిడ చర్చికి తప్ప బండి తోలదే?"

క్లెమెంట్ పళ్ళెం అంచు చూస్తున్నాడు.

అల్బీనాకి ఇవేమీ చెవికెక్కలేదు. ఆమెకి కనిపిస్తున్నది ఒకటే: పెద్దవాడు కుడి పక్క, చిన్నవాడు ఎడమ పక్క. ఆదివారం నుంచి ఖాళీగా ఉన్న కుర్చీ నిండింది. గుండె కుదుటపడింది. ఎప్పుడో కాదు, ఇప్పుడే పెట్టెయ్యాలనిపించింది.

"చారు కాస్త చల్లారనీ" అంది. "ఈలోపల ఆ కాగితం ఇటివ్వు నాయనా. నా నియమం నేనే తప్పుతా, ఇవాళ ఒక్కరోజుకి."

పావెల్కా నవ్వుతూ కాగితాలు జరిపాడు. రేమండ్ భుజాలు కిందికి దిగాయి. ఆమె కళ్ళద్దాలు తీసి, ఆవిరి పట్టిందని ఎప్రాను కొంగుతో తుడుచుకుంది. ఒక అద్దం తుడిచి, వెలుగుకి పెట్టి చూసి, రెండోది తుడిచింది. పెట్టుకుని కలం అందుకుంది.

"క్లెమెంట్, ఇది నిన్ను బయట పెట్టడం కాదు. తర్వాత నీకు పొగగదిలోకి తీసుకెళ్ళి చూపిస్తా. మీ నాన్న..."

"అమ్మా, ఆగు."

"గొడవ పడకురా, ఒక్క..."

"గొడవ కాదు. ఆగు." వాడి గొంతు చిన్నప్పటి జ్వరంలో గొంతులా ఉంది. "ఎమిల్ పడిపోయాడు."

కలం కాగితానికి తగలకుండా ఆగింది.

"వాళ్ళ తోటలో ఏటి ఒడ్డు పెద్ద చెట్టు. పైన ఒక ఎండు కొమ్మ ఉంది. నేను చూశాను. అది ఎలాగూ ఊడొస్తుందని, దూరంగా ఉండమని చెప్పాను. తలూపాడు. నేను చెట్టు పట్టి కుదిపేటప్పుడు, కాయల్లో గింజ నిండిందో లేదో చూద్దామని బకెట్టు పట్టుకుని అవతలి పక్కనుంచి వచ్చాడు. నాకు కనపడలేదు. యంత్రం చప్పుడు. దుమ్ము. తుంటి విరిగిందన్నారు. తల కూడా తగిలింది. అంబులెన్సు వచ్చిందాకా పక్కనే కూర్చున్నా. కాయలు నిండాయా అని అడిగాడు నన్ను. ఆ తర్వాత ఏమీ అడగలేదు."

డార్లీన్ శిలువ గుర్తు వేసుకుంది.

"హెడ్విగ్ ఏమంది?" అంది అల్బీనా.

"ఏమీ అనలేదు. నా చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత అంబులెన్సు వెనకాలే నా ట్రక్కులో పోయింది. వాళ్ళ కొడుకు హ్యూస్టన్ నుంచి బయల్దేరాడంట. ఆస్పత్రి చూసుకుని, సాయంత్రం మనింటికి వస్తాడంట."

రేమండ్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు.

"ఫోను లేదా నీ దగ్గర?"

"ఫోనులో చెప్పే మాటా ఇది?"

"సరే. ఫోనులో చెప్పలేదు. దారంతా చెప్పలేదు. కుళాయి దగ్గర అంతసేపు చేతులు కడుక్కున్నావు, అప్పుడూ చెప్పలేదు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకోలేకపోయావా? ఒక్క నిమిషం! సంతకం అయిపోయేది."

"మూసుకుందామనే వచ్చాను."

"మరి?"

"దారంతా అదే అనుకుంటూ వచ్చాను. లోపలికి పోయి కూర్చుంటా, అమ్మ సంతకం పెడుతుంది, ఆ తర్వాత చెప్తా. నీకు తెలిసినంత నాకు తెలియదనుకున్నావా తోట విలువ?" క్లెమెంట్ మొదటిసారి అన్న ముఖంలోకి చూశాడు. "అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. నేను వచ్చానని సంతోషపడి, నా కోసం రెండద్దాలూ తుడుచుకుంది. ఇక నా వల్ల కాలేదు."

పావెల్కా చెయ్యి చాపాడు. అల్బీనా వేళ్ళ మధ్యనుంచి కలం మెల్లగా తీసుకుని మూత పెట్టాడు.

"నేను విన్నాను" అన్నాడు. "వినలేదని రేపు ఎవరి ముందూ చెప్పలేను."

"అంటే ఇప్పుడు పెడితే చెల్లదా?" అన్నాడు రేమండ్.

"దెబ్బ తగిలిందని తెలిశాక ఆస్తి జరిపితే, దాన్ని సర్దడం అనరు రేమండ్. దాచడం అంటారు. నా ముద్ర దాని మీద పడదు. పొద్దున ఇదే సంతకం పడి ఉంటే..." అతను ఆగాడు. అల్బీనా వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. "ఉంటే ఏమయ్యేదో అంత తేలిగ్గా చెప్పలేను. యంత్రం ఏ ట్రాక్టరుకి తగిలించావు క్లెమెంట్?"

"తోట ట్రాక్టరుకి."

పావెల్కా కళ్ళు మూసుకుని తెరిచాడు. "అయితే పొద్దున పెట్టినా గోడకి కన్నం పడే ఉండేది."

"అడక్కుండా తీసుకెళ్ళాడు" అన్నాడు రేమండ్. "దొంగలా, చీకట్లో. వీడు ఎప్పుడూ..."

క్లెమెంట్ నోరు తెరిచాడు. తల్లి వైపు ఒక్క క్షణం చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఆ మాట తన మీదే ఉండనిచ్చాడు.

చారు గిన్నె మీద మూత ఆవిరికి కదిలింది.

"నేనిచ్చాను" అంది అల్బీనా.

రేమండ్ తల తిప్పాడు.

"వాడు అడిగాడు. నన్నే అడిగాడు. నేనే మేకు మీంచి తీసి చేతిలో పెట్టాను. పొద్దున నువ్వు అడిగినప్పుడు నూడుల్స్ తరుగుతూ ఊరుకున్నాను. నువ్వు వాడిని అంటుంటే విన్నాను." ఆమె తన చేతుల్ని చూసుకుంది. పిండి ఇంకా వేళ్ళ మధ్య ఎండి ఉంది. "భోజనాలయ్యాక అన్నదీ నేనే."

పావెల్కా కాగితాలు సంచీలో పెట్టుకుని లేవబోయాడు.

"కూర్చో నాయనా. తిని వెళ్ళు."

"అల్బీనా గారూ, ఈ పరిస్థితిలో..."

"తిని వెళ్ళు. సాయంత్రం ఆ అబ్బాయి వస్తాడు. అప్పుడు ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో నీకు తెలుసు. నాకు తెలిసింది ఇది ఒక్కటే."

అతను వంగి మళ్ళీ కూర్చున్నాడు.

డార్లీన్ చారు వడ్డించింది. అల్బీనా శిలువ గుర్తు వేసుకుని పెద్దలు వెంట తెచ్చుకున్న పాత భాషలో భోజన ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో ఎమిల్ పేరు చేర్చింది. ఆమేన్ దగ్గర అందరి గొంతులూ కలిశాయి, రేమండ్‌ది కాస్త వెనకబడి.

అప్పుడు గాలి వచ్చింది. ముందు కిటికీ తలుపు కొట్టుకుంది, తర్వాత ఇల్లంతా ఒక్కసారి ఉత్తరం నుంచి తోసినట్టయింది. పెరట్లో చెట్టు మీది కాయలు వాటంతటవే ఊడి కొట్టం రేకుల మీద రాలుతున్నాయి. ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత గుప్పెళ్ళతో విసిరినట్టు. రాలిన ప్రతిసారీ క్లెమెంట్ భుజం ఉలిక్కిపడుతోంది.

చెంచాలు పళ్ళేలకి తగులుతున్నాయి. అల్బీనా తలెత్తి చూసింది. పెద్దవాడు కుడి పక్క, చిన్నవాడు ఎడమ పక్క. వారమంతా తను దేవుణ్ణి అడిగింది అచ్చంగా ఇదే.

క్లెమెంట్ చెంచా ముంచాడు గానీ నోటి దాకా తేలేదు. రేమండ్ చూశాడు. చూసి తల దించుకున్నాడు. కాసేపటికి, ముఖం ఎత్తకుండానే, రొట్టె పళ్ళేన్ని రెండు వేళ్ళతో బల్ల మీద నెట్టాడు. అది సగం దూరం పోయి, ఇద్దరి మధ్యా ఆగింది.

అందరూ తింటున్నారు. ఆ పళ్ళెం అక్కడే ఉంది.